లేని చేతి పిడికిలి

మొన్న ఫోన్ ఇంట్లో మరిచిపోయి ల్యాబ్‌కు వెళ్లాను. దారి పొడవునా అది కుర్తా జేబులో గుర్రుమంటున్నట్టే అనిపించింది, తడుముకోవడం, జేబు ఖాళీగా ఉండటం, మళ్లీ కాసేపటికి గుర్రుమనడం. ల్యాబ్‌లో ఈ సంగతి చెబితే పిల్లలు పడీపడీ నవ్వారు. చదువుకునే రోజుల్లో మొదటి ఫోన్ పట్టుకుని ఆ తర్వాత చేతిలోంచి దించని మన వయసు వాళ్లందరికీ ఇది జరుగుతూనే ఉంటుందనుకుంటాను. నేను మాత్రం నవ్వలేకపోయాను. గద్వాల బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతులో కూర్చుని, కుడి చెయ్యి ఉండాల్సిన చోట ఉత్త గాలిని ఎడమ చేత్తో పిసుక్కుంటున్న ఒక మనిషి గుర్తొచ్చాడు.

అప్పటికి నాకు పాతికేళ్లు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన దాన్ని, కోపం ముక్కు మీదే ఉండేది. ఫోన్ చేతిలో ఉండేది, అదీ పాములాట తప్ప ఇంకేమీ తెలియని నలుపు తెలుపు ఫోన్. రెండువేల అయిదో ఆరో, ఆ రోజుల్లో నేను పరిశోధక విద్యార్థిని, నా పని ఎలుకలతో. ఎలుక కాలి నరానికి వదులుగా దారం ముడి వేస్తాం. పైన గాయం మానిపోతుంది, కాలు మామూలుగా కనిపిస్తుంది, కానీ ఎలుక ఆ కాలు నేలకు ఆనించదు, వెంట్రుకతో తాకినా విదిలించుకుంటుంది. గాయం మానాక కూడా నొప్పి ఎందుకుంటుంది అన్నదే నా ప్రశ్న. నరం అరిచీ అరిచీ వెన్నుపాముకూ మెదడుకూ ఆ అరుపు అలవాటు చేస్తుందనీ, ఆ తర్వాత కాలు ఊరుకున్నా అవి ఊరుకోవనీ పుస్తకాల్లో చదివాను, ఎలుకల్లో చూశాను. మనుషుల్లో చూడలేదు.

మా మేనత్తది గద్వాల అవతల, గట్టు మండలంలో ఒక పల్లె. వాళ్లు విత్తనాల పత్తి వేసేవారు. ఆ పత్తికి సాయంత్రం పూట మొగ్గ మొగ్గనూ బొటనవేలి గోటితో ఒలిచి, మర్నాడు పొద్దున వేరే పువ్వు పుప్పొడి అద్దాలి, దానికే వాళ్లు క్రాసింగ్ అంటారు. పనంతా గోటి మీదే. ఒక ఏడాది ఆ సీజన్‌లో అత్త కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది, దవాఖానలో కోసి చీము తీశారు, పుండు మానింది, కొత్త గోరు కూడా వచ్చింది. నొప్పి మాత్రం పోలేదు. పోకపోగా గాలి తగిలినా, చీర కుచ్చిళ్లు తగిలినా, నీటిబొట్టు పడినా గిలగిల్లాడిపోయేది. పౌడరు డబ్బా మూత ఒకటి వేలికి బోర్లించి దారంతో కట్టుకుని తిరిగేది. చూసేవాళ్లకు కనిపించే వేలు బాగానే ఉంది కనుక పనికి ఎగనామం పెట్టడానికే ఈ వేషమని తోటి ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవారు.

ఏడాది తిరిగాక నది అవతలి పట్నంలో ఒక డాక్టరు, పై కణుపు తీసేస్తే బాధ వదిలిపోతుందన్నాడట. అత్త ఆ మాటకు ఎంత సంతోషించిందంటే, కొయ్యడానికి అమావాస్య పోయేదాకా ఆగాలన్నందుకు మామ మీద అలిగింది. నాయన ఈ కబురు మామూలుగా, పెళ్లి కబురు చెప్పినట్టు చెప్పాడు. ఆ సాయంత్రమే బస్సెక్కాను.

వాకిట్లో అడుగు పెట్టగానే మామ, "ఎలుకల డాక్టరమ్మ వచ్చింది, గింజల బస్తాల కాడికి తోల్కపోండ్రి, శాన పనుంది" అని అందరినీ నవ్వించాడు. నేను నవ్వలేదు. వేలు తీసినా నొప్పి పోదనీ, అది ఇప్పుడు వేల్లో లేదనీ, ఎక్కడో పైన కూర్చుందనీ అరిచి చెప్పాను, ఒక చేత్తో ఫోన్‌కు సిగ్నల్ వెతుకుతూనే. అత్త ఓపిగ్గా విని, "గా ఎలుకలు సెప్పినయానే కోడలా, నొప్పి ఏడున్నదో? నా ఏలు నాకు సెప్తుంది, నన్ను తీసెయ్యమని" అంది. ఆ మూత కింది వేలిని పొత్తికడుపు దగ్గర పెట్టుకుని, పసిపిల్లను మోస్తున్నట్టు మోస్తూ అటూ ఇటూ తిరిగే మనిషితో ఇంకేం వాదిస్తాను.

పల్లెలో సిగ్నల్ లేదు. మర్నాడు గద్వాలకొచ్చి, ఫోన్లో బ్యాలెన్స్ లేక ఎస్టీడీ బూతు నుంచి మా ప్రొఫెసర్‌గారికి ఫోన్ చేశాను. వెన్నుతట్టి ధైర్యం చెబుతారనుకున్నాను. ఆయన నిదానంగా, నువ్వు డాక్టరువి కాదు, పేషెంటు విషయంలో తలదూర్చకు, అలా తీసేస్తే కొందరికి నిజంగానే తగ్గుతుంది కూడా, ఆమె ఆ కొందరిలో ఒకరు కాదని నీకెలా తెలుసు అన్నారు. నాకు తెలియదు. ఆ అద్దాల గదిలో నా గొంతు నాకే వినిపించేంతగా అరిచి ఫోన్ పెట్టేశాను. నేను ఆపి, ఆ నొప్పి ఆమె బతికున్నన్నాళ్లూ అలాగే ఉంటే? ఆపకుండా ఊరుకుని, కోసిన తర్వాత కూడా ఉంటే?

బయటికొస్తే బూతు నడిపే భాయ్ బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ముడిచి కుట్టిన కుడి చొక్కా చెయ్యికి జానెడు అవతల, ఏమీ లేని చోట, ఎడమ చేత్తో మెల్లగా పిసుకుతున్నాడు. నేను చూడటం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, "గుస్స చెయ్యకమ్మా, లోపల నువ్వు అరిసింది ఇన్న. ఇది పత్తి జిన్నింగు మిల్లుల పోయింది. పోయింది గని, మొగులై వానొచ్చేటట్లుంటే నొస్తది. ఇంట్ల గూడ సెప్పలే, పాగల్‌గాడనుకుంటరని" అన్నాడు. నేను బల్ల ముందున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను. అప్పటిదాకా పుస్తకాల్లో మాత్రమే చదివిన సంగతి, గళ్ల చొక్కా వేసుకుని, బిల్లు చింపి నా ముందు పెట్టింది. మా అత్త ముందు ఇదే మాట చెబుతావా అని అడిగాను. అతను నా చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. చివరికి, "తోల్కరా" అన్నాడు.

అమావాస్య పోయిన మర్నాడు పట్నం బస్సు కోసం గద్వాలలో దిగాం. బస్సు కదలడానికి కొంచెం టైముంది. అత్తను బూతు దగ్గరికి లాక్కెళ్లాను, మామ సణుగుతూ వెంట వచ్చాడు. భాయ్ తలవంచుకుని, లేని చెయ్యి ఎలా పిడికిలి బిగుసుకుని ఉంటుందో, ఎంత విప్పుదామన్నా ఎలా విచ్చుకోదో చెప్పాడు. నేను అత్త ముఖమే చూస్తున్నాను. ఆమె ముఖంలో భయం లేదు, ఏదో తప్పు పట్టుకున్న వెలుగుంది.

"ఏడ పెట్టిన్రు అన్నా, ఆ చెయ్యి?"

"కబ్రస్తాన్ల."

"అయ్యో, సక్కగ పెట్టలేదు మీవోళ్లు! గందుకే నొస్తుంది. నా ఏలు నేను దగ్గరుండి పెట్టిస్త, పసుపు బట్టల సుట్టి."

నరాలూ వెన్నుపామూ అని నేను మొదలుపెట్టబోతే అత్త ఎడమ చెయ్యి ఎత్తి ఆపింది. అవతల డ్రైవరు హారన్ కొట్టాడు. మామ ఆమె సంచి అందుకున్నాడు.

భాయ్ తల ఎత్తి మొదటిసారి ఆమె వైపు నేరుగా చూశాడు. "మేం గూడ గట్లనే అనుకున్నం అక్కా. చేతి ఏళ్లు ముడుసుకోని ఉన్నయని మా అన్న మల్ల తవ్విండు. ఒక్కొక్క ఏలు సాపు జేసి, మెత్తటి మన్ను పోసి పెట్టిండు. అయినా ఇయ్యాల్టికి పిడికిలి ఇప్పుకుంటలేదు. గోర్లు అరచేతిల దిగుతున్నయి."

"లేని గోర్లా?"

"లేనియే."

అత్త తన వేలి మీది మూతకేసి చూసుకుంది. ఆ మూత కింద మొదట నొచ్చింది కూడా గోరే. హారన్ మళ్లీ మోగింది, మామ "నడువ్ మరి, బస్సు పోతుంది" అని కసిరాడు. "అంత తొందరుంటే నువ్వే పోయి నీ ఏలు కోయించుకోని రా" అని అత్త బెంచీ మీద కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది. మామ ఊరు చేరేదాకా నా వైపు చూడలేదు.

నేను గెలిచానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ప్రొఫెసర్‌గారినే బతిమాలి, హైదరాబాద్ పెద్దాసుపత్రిలో నొప్పికి వైద్యం చేసే డాక్టరుకు చూపించాం. మందులిచ్చి, రోజూ ఆ వేలికి ముందు దూది, తర్వాత మెత్తటి బట్ట, ఆ తర్వాత గరుకు బట్ట తాకిస్తూ వేలికి తాకుడు అలవాటు చెయ్యాలన్నాడు. "పత్తితోని వచ్చిన నొప్పికి పత్తే పెట్టుమంటున్నడు సూడు" అని అత్త నవ్వింది, దూది తగలగానే ఏడ్చింది. ఆ నెలల్లో ఊరి నుంచి ఫోన్ వస్తే రెండు మూడు రింగులయ్యేదాకా ఎత్తేదాన్ని కాదు. తగ్గలేదంటే ఆ తప్పు నాదే, కోతను ఆపింది నేనే. ల్యాబ్‌లో ఎలుకలకు దారం ముడి వేస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని, ఏ ఎలుకా నాకు ఫోన్ చేసి ఇంకా నొస్తోందని చెప్పలేదు మరి. ఆ భయంలోంచే కాబోలు నేను మెల్లగా ఎలుకలు వదిలి మనుషుల నొప్పి వైపు వచ్చాను, ఇప్పటికీ అందులోనే ఉన్నాను.

ఒక రోజు అత్త తనే ఫోన్ చేసింది. నొప్పి ఎట్లుందని నేను అడగకముందే, "ఉంది, యాడికి పోతది" అని తనే చెప్పి, "మూత మల్ల పౌడరు డబ్బాకు పెట్టిన" అంది. ఇప్పుడు ఆమె నెలనెలా రేషన్ షాపులో మిషన్ మీద ఆ బొటనవేలే ఆనించి, కొంచెం ముఖం చిట్లించి, బియ్యం తెచ్చుకుంటోంది.

అత్త ఆ ఫోన్ చేసిన కొన్నాళ్లకు, బాగున్న చేతిని అద్దంలో చూపించి, లేని చేతిని చూస్తున్నట్టు మెదడును నమ్మిస్తే, కొందరికి బిగిసిన పిడికిలి విచ్చుకుంటుందని చదివి, ఒక నిలువు అద్దాన్ని పాత దుప్పట్లో చుట్టుకుని గద్వాల బస్సెక్కాను. బూతు చోట సెల్ ఫోన్ల దుకాణముంది. ఎస్టీడీకి ఎవరూ రావడం లేదని భాయ్ బూతు ఎత్తేశాడనీ, రాయచూరు వైపు చుట్టాల దగ్గరికి పోయాడనీ పక్క దుకాణం వాళ్లు అన్నారు. నంబరు అడిగితే ఎవరి దగ్గరా లేదు. అద్దాన్ని మళ్లీ ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాను.

ఇప్పుడు నా ఫోన్లో వేల నంబర్లున్నాయి, సగం మంది ఎవరో కూడా నాకు గుర్తు లేదు. ఆ రోజుల్లో గద్వాలంతటికీ ఫోన్ కలిపిన మనిషి నంబరు మాత్రం లేదు. ఆ పిడికిలి విచ్చుకుందో లేదో తెలియదు. లేని ఫోన్ మోగినట్టనిపించిన ప్రతిసారీ, లేదని తెలిసి కూడా, జేబులో చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాను.