నారాయణఖేడ్‌లో తొమ్మిది జోన్లు, సంగమ్మ కందిచేను

పటాన్‌చెరులో పొద్దున ఆరింటికి పట్టిన జోన్ ఏడింటికల్లా ఇంకొకరిది అయిపోతుంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఇది ఫోన్‌లో ఆడే ఆటే గానీ కూర్చుని ఆడేది కాదు. మ్యాపులో ఊరంతా చిన్న చిన్న జోన్లుంటాయి. సైకిల్ మీద అక్కడికి పోయి, గీత లోపల అర నిమిషం నిలబడితే ఆ జోన్ మనది. ఎవరో వచ్చి లాక్కునేదాకా గంటగంటకూ పాయింట్లు పడుతుంటాయి. మందుల షాపులో వారమంతా నిలబడేది చాలక ఆదివారం కూడా నిలబడటానికే పోతావా అని మా ఆయన ఎగతాళి. పదకొండు నెలలు ఆడి జిల్లాలో మూడో స్థానానికి వచ్చాను. రెండో స్థానం కోసం మ్యాపును అటూ ఇటూ జరుపుతుంటే నారాయణఖేడ్‌లో తొమ్మిది జోన్లు కనబడ్డాయి. తొమ్మిదీ తెల్లగా ఉన్నాయి, అంటే ఇంతవరకూ ఎవరూ పట్టలేదన్నమాట. అక్కడ పడితే లాక్కునేవాళ్లుండరు. దురాశ దుఃఖానికి చేటని చిన్నప్పుడే చదువుకున్నా, ఆ మాట ఆ రోజు గుర్తు రాలేదు.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున ఆరు గంటలకు పటాన్‌చెరులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జోగిపేట మీదుగా రెండున్నర గంటలు. నాది మడిచే సైకిల్ కాబట్టి వెనక సీట్ల దగ్గర సర్దేశాను. కండక్టర్ నా ఆధార్ చూసి, ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికిచ్చే జీరో టికెట్ ఇచ్చి, సైకిల్ వైపు చూశాడు.

"నీకు ఫ్రీ అక్కా. దీనికి లగేజీ కొట్టాలె, అరవై రూపాయలు."

"అది కూడా లేడీస్ సైకిలే అన్నా."

"ఆధార్ ఉన్నదా దానికి?" అన్నాడు. బస్సంతా నవ్వింది. అరవై కట్టి రెండు టికెట్లూ పర్సులో పెట్టుకున్నాను.

ఎనిమిదిన్నరకు దిగి, బస్టాండ్ ముందే ఒక ప్లేటు ఇడ్లీ తిని, మెరిసే ఆరెంజ్ జాకెట్, హెల్మెట్ వేసుకున్నాను. లారీలవాళ్లకు దూరం నుంచే కనబడాలని ఎప్పుడూ అదే వేసుకుంటాను. ఊళ్లో నాలుగు జోన్లు పట్టడానికి గంట పట్టింది. మిగతా ఐదూ నాగల్‌గిద్ద వైపు రోడ్డు దిగాక, చేలగట్ల మీద, ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉన్నాయి. ఎవరో ఎక్కడో కూర్చుని మ్యాపు మీద వేలితో పెట్టుకుంటూ పోయి ఉంటారు. రోడ్డు బాగానే ఉంది, బండ్లు తక్కువ, రెండు పక్కలా కంది పసుపుపచ్చగా పూత మీద ఉంది. సైకిల్‌వాళ్లకు ఇంతకన్నా మంచి దారి దగ్గర్లో లేదని ఇప్పటికీ అంటాను.

ఏడో జోన్ ఒక కందిచేను అంచున పడింది. గట్టు మీద నిలబడి ఫోన్‌లో గుండ్రం నిండటం చూస్తున్నాను. యాభై ఏళ్లు దాటిన ఒకామె కొడవలి పట్టుకుని చేలోంచి వచ్చింది.

"ఏంది బిడ్డా, ఏం కొలుస్తున్నవ్?"

ఫోన్ మీంచి కళ్లెత్తకుండానే చెప్పాను. "ఒక్క అర నిమిషం అమ్మా, ఈ జాగ నాదైపోతుంది."

ఫోన్ టింగుమంది. "అయిపోయింది, నాదే!" అని ఆమెకు చెయ్యి ఊపి ఎనిమిదో జోన్‌కు తొక్కేశాను. ఆమె ముఖం ఎలా ఉందో చూడలేదు. చూసి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది.

తొమ్మిదీ పట్టాక ఆ సంబరంలో ఇంకొంత దూరం తిరిగి, ఒంటిగంటన్నరకు ఊళ్లోకి వచ్చాను. బస్టాండ్‌కు దగ్గర్లో శకుంతల అనే ఆమె జొన్నరొట్టెలు చేసి పెడుతుంది. రెండు రొట్టెలు, పప్పు, పచ్చిమిర్చి తొక్కు కలిపి ఎనభై రూపాయలు. జాకెట్ విప్పి పక్కన బెంచీ మీద పెట్టి కూర్చున్నాను.

"పెద్ద రోడ్డు వస్తుందట అక్కా," అంది రొట్టె తడుతూ. "పొద్దుగాల సర్వేకు ఒక మేడం వచ్చి పోయిందట."

ఊరి కబుర్లంటే నేను చెవి కోసుకుంటాను. "ఎటు నుంచి పోతుందట?" అని అడిగాను.

"బస్టాండ్ కాడికెళ్లి సీదా నాగల్‌గిద్ద దిక్కు. చేన్ల గట్ల మీద నిలబడి అంతా ఫోన్ల ఎక్కిచ్చుకున్నదట. మా సంగమ్మ చేను కాడ నిలబడి, గీ జాగ నాదే అని మొకం మీదనే చెప్పిందట. ఎంత పొగరు సూడు!"

చేతిలో రొట్టె ముక్క ప్లేటులో పెట్టేశాను. శకుంతల చూపు మెల్లగా బెంచీ మీదికి పోయింది. "ఆరెంజ్ కోటు ఏసుకున్నదట," అంది.

అది ఆట అని, నేను మందుల షాపులో పని చేస్తానని ఎలాగో చెప్పాను. నమ్మిందో లేదో గానీ, "అయితే జల్దీ పో," అంది. "ప్లాట్ల దందా చేసేటాయన కాగితాలు పట్టుకొని గిప్పుడే సంగమ్మ కాడికి పోయిండు. సర్కారు గుంజుకుంటే నీకేం రాదు, ఇయ్యాలనే నాకు అమ్ము అంటుండు. ఉన్నదే రెండెకరాలు ఆమెకు. ఏలిముద్ర ఏసిందంటే అయిపాయె."

ఐదు కిలోమీటర్లు ఎదురుగాలిలో ఎలా తొక్కానో నాకు తెలియదు. జోన్ కోసం ఏనాడూ అంత తొక్కలేదు. చేను చేరేసరికి గట్టు పక్కన మూడు సాళ్ల కంది కోసి పడేసి ఉంది, పూతతోనే. సర్కారువాళ్లు తొక్కకముందే పచ్చికాయ అయినా అమ్ముకుందామని కోశానని తర్వాత చెప్పింది. ఒక కాయ వలిచి చూశాను, లోపల గింజే పట్టలేదు. ప్లాట్ల దందా ఆయన తెల్లచొక్కాలో గట్టు మీద నిలబడి ఆమె పట్టా పాస్‌బుక్ చూస్తున్నాడు. సంగమ్మ బొటనవేలికి అప్పటికే సిరా అంటి ఉంది.

"వెయ్యకమ్మా!" అని సైకిల్ అక్కడే పడేసి అరిచాను. "రోడ్డూ లేదు, సర్వే లేదు. నేను పటాన్‌చెరు నుంచి వచ్చి ఆడింది ఆట!"

తెల్లచొక్కా ఆయన తాపీగా నవ్వాడు. "సర్వే సంగతి బయటికి చెప్పొద్దు గదా మేడం. మీరు గట్లనే అంటరు."

సంగమ్మ నావైపు చూసింది. "ఆటనా? గెలిస్తే ఏమొస్తది?"

"పాయింట్లు వస్తాయి."

"వాటితోని ఏమొస్తది?"

"ఏం రాదమ్మా."

"ఏం రాని దానికి పటాన్‌చెరుకెళ్లి వచ్చి నా చేన్ల నిలబడ్డవా? నేను పిచ్చిదాన్న?"

నిజం చెబుతుంటే అబద్ధంలా ఉంది, అబద్ధమేమో నమ్మేలా ఉంది. పర్సు తెరిచి గుర్తింపు కార్డు వెతుకుతుంటే రెండు టికెట్లూ కింద పడ్డాయి. సంగమ్మ వంగి తీసింది. నెలకు నాలుగుసార్లు సంగారెడ్డి దవాఖానకు బస్సులో పోయే మనిషట, జీరో టికెట్ ఆమెకు బాగా తెలుసు. రెండోదాన్ని తిప్పి తిప్పి చూసింది.

"గిదేంది?"

"సైకిల్‌కు లగేజీ. అరవై రూపాయలు."

"సర్కారు ఆఫీసరు జీపుల వస్తడు," అంది తెల్లచొక్కా ఆయనతో. "ఆడోళ్ల ఫ్రీ టికెట్ మీద వచ్చి, సైకిల్‌కు పైసలు కడతడా? ఇది ఆఫీసరు కాదు, ఒట్టి పిచ్చిది." సిరా అంటిన వేలిని గట్టు మట్టికి రుద్దింది. ఆయన కాగితాలు సర్దుకుని బండి ఎక్కాడు. నన్ను పిచ్చిది అన్నందుకు జీవితంలో మొదటిసారి సంతోషపడ్డాను.

ఆమె కోపం మాత్రం పోలేదు. "గా ఫోన్ల నా చేను ఇంకా నీదే ఉన్నదా?"

చూపించాను. గట్టు మీద చిన్న ముక్క నా రంగులో ఉంది.

"తియ్యి."

అప్పుడు తెలిసింది, ఆ ఆటలో లాక్కోవడమే ఉంది, తిరిగి ఇవ్వడం లేదు. పదకొండు నెలల్లో ఒక్కసారీ వెతకలేదు మరి. ఉన్న దారి ఒకటే, నా ఖాతా మొత్తం తీసెయ్యాలి. నొక్కేముందు నా మూడో స్థానాన్ని ఒకసారి తెరిచి చూసుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. కోసి పడేసిన మూడు సాళ్ల వైపు చూసి నొక్కేశాను. నా రంగు పోయి ఆ ముక్క తెల్లబడింది.

"ఇప్పుడు ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా."

"ఎవరిదీ కాకపోవుడేంది?" అని గట్టిగా అరిచింది. "నాది!"

కోసిన కందిని బర్రెకు మేతగా మోపులు కట్టి, నాలుగింటిదాకా ఆమెతో పాటు మోశాను. నష్టం ఇస్తానంటే "ఇస్తే తీసుకుంట, ఎందుకు తీసుకోను," అంది. ఇచ్చాను. ఐదింటి బస్సు ఎక్కాక అంతా లెక్కేసుకున్నాను. అర నిమిషం నిలబడి, రెండు మాటలు అని, ఒకరి రెండెకరాలు దాదాపు పోగొట్టాను. ఆ పొద్దున ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసినా, ఏం చేస్తున్నానో ఒక్క ముక్క చెప్పినా సరిపోయేది. చేలగట్ల మీద ఉన్న ఆ ఐదు జోన్లు తీసెయ్యమని ఆట నడిపేవాళ్లకు రాశాను, జవాబు ఇంకా రాలేదు. ఇది చదివి ఎవరైనా అటు పోతే, ఆ తెల్లముక్క సంగమ్మది, పట్టకండి.

పోయేవాళ్లకు ఒక్కటే సలహా. ఊరు దాటగానే ఆరెంజ్ జాకెట్ విప్పి, కనబడ్డ మొదటి మనిషికి ఆట సంగతి చెప్పండి. ఎంత చెప్పినా నమ్మరు కాబట్టి, సైకిల్ లగేజీ టికెట్ మాత్రం ఇంటికి చేరేదాకా పారెయ్యకండి.