సుగుణమ్మ వేసిన తొమ్మిది బొమ్మలు: కొత్తవాడకు నా రెండో ప్రయాణం

ఇది సరదాగా వెళ్ళిన ప్రయాణం కాదు, ముందే చెబుతున్నాను. పోయిన ఏడాది వానాకాలంలో వరంగల్ వెళ్ళి, కొత్తవాడలో ఒక నేతపని వారి ఇంట్లో చూసిన తొమ్మిది బొమ్మల గురించి ఇదే బ్లాగులో పెద్ద వ్యాసం రాశాను. నేను రాసినవాటిలో అంతమంది చదివింది మరొకటి లేదు. ‘భార్యను ఇంత లోతుగా చూడగలిగిన మగవాడు’ అంటూ ఆ ఇంటాయన సాంబయ్యగారిని ఆకాశానికెత్తాను. గత బుధవారం ఆయన కూతురు రజిత ఫోన్ చేసింది. వరంగల్‌లోనే నర్సుగా పని చేస్తోంది. గొంతు పెంచలేదు, తిట్టలేదు. ఆ బొమ్మలు వేసింది నాన్న కాదు, అమ్మ అని చెప్పింది. నా వ్యాసం చదివినవాళ్ళెవరో హన్మకొండలో ప్రదర్శన పెడుతున్నారట, శనివారం సాయంత్రం ఐదు గంటలకట, ఆహ్వాన కార్డుల మీద నాన్న పేరు అచ్చయిపోయిందట. తను చెబుదామంటే అమ్మ చెప్పనివ్వడం లేదట. “మీరు రాసినంక మొదలైంది మేడం ఇదంతా. మీరే వచ్చి సరిచెయ్యాలె,” అంది.

శనివారం పొద్దున ఆరున్నరకు సికింద్రాబాద్‌లో రైలెక్కాను. జనరల్ టికెట్ వంద లోపే. వారాంతంలో కూర్చోవడానికి చోటు కావాలంటే పావుగంట ముందు ప్లాట్‌ఫారం మీద ఉండాలి. భువనగిరి, ఆలేరు, జనగామ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ధైర్యం చేసి ఫోన్‌లో నా పాత వ్యాసం తెరిచాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, రాసేవాడికి చదివేవాడు ఇంకా లోకువ కాబోలు. ఎంత ధీమాగా రాశానో! అందులో ఒక వాక్యం ఉంది: ‘వెనక ఆగకుండా వినిపించే మగ్గం చప్పుడు ఆ కళాకారుడి మాటలకు నేపథ్య సంగీతం.’ ఆ మగ్గం నేస్తున్నది రజిత వాళ్ళమ్మ సుగుణమ్మగారు. అంటే ఆ బొమ్మలు వేసిన మనిషిని నేను నేపథ్య సంగీతం చేశాను. కాజీపేట వచ్చేదాకా మళ్ళీ ఫోన్ చూడలేదు.

తొమ్మిది లోపే వరంగల్‌లో దిగాను. స్టేషన్ బయట కొత్తవాడకు ఆటో వంద అడిగాడు, ఎనభైకి వచ్చాడు. నేను గల్లీ గుర్తులు చెబుతుంటే డ్రైవరే అందుకుని, “బొమ్మల సాంబయ్య ఇంటికా అక్కా?” అన్నాడు. హైదరాబాద్ నుంచి చూడ్డానికి వస్తున్నారని, నెలకు ఇద్దరు ముగ్గురిని తనే దింపుతున్నాడని చెప్పాడు. ఎవరో మేడం పేపర్లో రాసిందట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చున్నీ సర్దుకున్నాను. ఆయన భార్య తెలుసా అని అడిగితే, ఆమె మగ్గం నేస్తది గదా అని ఊరుకున్నాడు. ఆ రాసిన మేడం నేనేనని అతనికి చెప్పలేదు.

కొత్తవాడ తెలియనివారికి ఒక మాట. ఇక్కడ జంపఖానాలు నేస్తారు. చాలా ఇళ్ళలో గుంట మగ్గాలుంటాయి. నేసే మనిషి నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటాడు కాబట్టి మనకు నడుము పైభాగమే కనిపిస్తుంది. సుగుణమ్మగారి బొమ్మలకు మూలం ఆ గుంటే. మొదటి దాంట్లో ఒక కొత్త పెళ్ళికూతురు పుట్టింటి తలుపు ఊడదీసి చంకన పెట్టుకుని రైలు దిగుతుంది. రెండోదాంట్లో మగ్గం మీద మొగుడు నడుము దాకానే ఉంటాడు, నేల కింద చూస్తే వాగు పారుతుంటుంది, అతని పాదాలు రెండు చేపలు. మూడోదాంట్లో అతని తల స్థానంలో తాళం వేసిన ఇనప్పెట్టె. ఆమె బియ్యం చెరుగుతూ అందులో తాళంచెవి వెతుకుతుంటుంది. తర్వాత చేపలు ఎండిన నేల మీద పడి కొట్టుకుంటాయి. అప్పుడు ఆమె గుంటలోకి దిగుతుంది, నడుము కింద ఆమే వాగైపోతుంది. ఆరో బొమ్మలో పెట్టె మూత తెరుచుకుని ఉంటుంది, లోపల వెలిగించిన పొయ్యి. ఏడోదాంట్లో ఆ మొగుడు కూతురికి జడ వేస్తుంటే జుట్టు మగ్గం మీదికి పడుగు దారాల్లా సాగుతుంది. ఎనిమిదోదాంట్లో ఇద్దరి చేతులూ తారుమారవుతాయి, ఆమె చేతులు అతనికి, అతనివి ఆమెకు. చివరిదాంట్లో ఇద్దరూ వాగు ఒడ్డున కూర్చుని ఆ పుట్టింటి తలుపు మీద అన్నం తింటుంటారు. అన్నీ డిజైన్లు గీసుకునే గళ్ళ కాగితాల మీద, మిగిలిపోయిన అద్దకం రంగులతో వేసినవే.

నేనేం రాశానో చెప్పాలి కదా. పెట్టె తలను ‘మగవాడి ఆత్మవిమర్శ’ అన్నాను. నిజానికి అది ఒక ఆడమనిషి ఫిర్యాదు. సాంబయ్యగారి మోకాళ్ళు అరిగిపోయి గుంటలోకి దిగలేకపోయాక ఆమె మగ్గం ఎక్కింది, ఆయన వంట నేర్చుకున్నాడు. ఆ మార్పును ప్రేమగా, కొంచెం ఎకసెక్కంగా ఆమె బొమ్మలుగా వేసుకుంది. నేను వెళ్ళిన రోజు ఆయనే టీ పెట్టి ఇచ్చాడు, ఆయనే ఒక్కో బొమ్మ కథ చెప్పాడు. బాగా చెబుతాడు. ఎవరు వేశారని నేను అడగలేదు. ఆడదాన్ని అయ్యుండి, ఎదురుగా కూర్చుని పని చేస్తున్న ఆడమనిషిని కాదని, తీరిగ్గా మాట్లాడుతున్న మగమనిషికి ఆ బొమ్మలను కట్టబెట్టేశాను.

ఇంట్లోకి వెళ్ళేసరికి గోడ మీద మేకులే ఉన్నాయి, బొమ్మలు అప్పటికే హన్మకొండ వెళ్ళిపోయాయి. సుగుణమ్మగారు మగ్గం మీదే ఉన్నారు, రజిత కూడా ఇంట్లోనే ఉంది. నేను చేతులు జోడించి తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె కూర్చోమని సైగ చేసి, ముందు నువ్వు రాసింది చదివి వినిపించు అన్నారు. ఆమె బస్సు బోర్డులు చదవగలరు గానీ ఫోన్‌లో అంత పొడుగు రాత చదవలేరట, రజిత కోపంతో చదవనన్నదట. వేరే దారి లేక మొదటి నుంచి చివరిదాకా చదివాను. సాంబయ్యగారు వంటింటి గడప మీద కూర్చుని తల దించుకుని విన్నారు. నేపథ్య సంగీతం దగ్గర దాటేద్దామనుకున్నాను. రజిత నా పక్కనే నిలబడి తెర చూస్తోంది. అది కూడా చదివాను, నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

“ఆగకుంట అని రాసినవు,” అన్నారు సుగుణమ్మగారు. “నేను రెండుసార్లు ఆపిన బిడ్డా. చప్పుడు ఆగితే మనిషి తల తిప్పుతరు గదా. నువ్వు దారం తెగిందనుకున్నవు కావచ్చు.”

నాకు తల కొట్టేసినట్టయింది. మగ్గం ఆగిన సంగతి గుర్తుంది. ఆ నిశ్శబ్దంలో సాంబయ్యగారి మాట రికార్డింగ్‌లో బాగా పడుతుందని సంతోషపడిన సంగతి కూడా గుర్తుంది. అది ఆమెకు చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.

అప్పుడు సాంబయ్యగారు నోరు విప్పారు. “నేను అబద్ధం చెప్పలే మేడం. నిజం గూడ చెప్పలే. మోకాళ్ళు పోయినంక నన్ను ఎవ్వరూ మీరు అని పిలువలే. ఆ వచ్చెటోళ్ళు పిలిచిన్రు.” అని మళ్ళీ తల దించుకున్నారు. ఆయన ముఖంలో వెలుగు చూసే ఇన్నాళ్ళూ ఊరుకున్నానని, కార్డు మీద పేరు చూశాక మాత్రం తిండి సయించలేదని సుగుణమ్మగారు అన్నారు. “నా పేరు నాకు గావాలె. గని ఆయన్ని పదిమందిల దొంగను చెయ్యొద్దు. తప్పు నీది, నీదేనని చెప్పు.” న్యాయమే కదా. సరేనన్నాను.

మధ్యాహ్నం సాంబయ్యగారు పప్పు, పచ్చిపులుసు చేసి పెట్టారు. తినకుండా వెళ్తే కుదరదన్నారు. నేను చేసిన పనికి ఆ అన్నం తినే ముఖం నాకు లేదు, అయినా రెండోసారి వడ్డించుకున్నాను, పచ్చిపులుసు అంత బాగుంది. నాలుగు గంటలకు నలుగురం ఆటోలో బయలుదేరాం. కొత్తవాడ నుంచి హన్మకొండకు నూట యాభై తీసుకున్నాడు, అరగంట పట్టింది.

హాలు గుమ్మం మీద బ్యానర్, దాని నిండా సాంబయ్యగారి పేరు. నిర్వాహకుణ్ణి పక్కకు పిలిచి విషయం చెప్పాను. మంచివాడే, కంగారుపడ్డాడు. పిలుపులు వెళ్ళిపోయాయి కాబట్టి ‘కుటుంబ కళ’ అని చెప్పేద్దాం, ఎవరికీ ఇబ్బంది ఉండదన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను దాదాపు ఒప్పుకున్నాను. ఎంత తేలిక! నా పేరూ చెడదు. రజిత నా వైపే చూస్తోంది. అప్పుడు గానీ కాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఐదున్నరకు మైకు నా చేతికొచ్చింది. అరవై మంది దాకా ఉన్నారు. తప్పు నాదేనని మొదలుపెట్టాను. రెండో వాక్యానికే ఆ రోజు వాన పడుతోందని, తిరుగు రైలుకు టైమవుతోందని, గదిలో వెలుతురు తక్కువని సాకులు చెప్పుకుంటూ పోతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. ముందు వరసలో కూర్చున్న సుగుణమ్మగారు చెయ్యెత్తి ఆపారు.

“అదంత ఎందుకు బిడ్డా. ఆ రోజు అడగాల్సింది ఇప్పుడడుగు.”

మైకు పక్కన పెట్టి ఆమె ముందుకు వెళ్ళాను. “ఈ బొమ్మలు ఎవరు వేశారమ్మా?” అన్నాను.

ఆమె లేచి కొంగు సర్దుకున్నారు. నన్ను చూడలేదు, గోడ మీది బొమ్మలను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసుకున్నారు. “నేనేసిన,” అన్నారు.

పక్కనే సాంబయ్యగారు కర్ర పట్టుకుని లేచారు. “ఆ పెట్టె తలకాయ నాది,” అన్నారు. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వుతూ భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. నేను మాత్రం వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను.

ఎనిమిదింటికి హన్మకొండలో ఉప్పల్ బస్సు ఎక్కాను. ఆమె నిన్ను క్షమించిందా అని ఇంట్లో అడిగారు. నేను ఆమెను అడగలేదు. అడిగితే అది నా మనశ్శాంతి కోసమే అయ్యేది, ఇప్పటికే ఆ ఇంటి నుంచి చాలా తెచ్చుకున్నాను. పాత వ్యాసం తీసేస్తానంటే సుగుణమ్మగారే వద్దన్నారు, అట్లా చూడొద్దని నలుగురికీ తెలుస్తుందట. అందుకే అది అలాగే ఉంచి, పైన ఈ వ్యాసం లంకె పెట్టాను. తప్పు ఒప్పుకున్నందుకు కామెంట్లలో దయచేసి నన్ను మెచ్చుకోకండి. ఒప్పుకోకముందు ‘కుటుంబ కళ’కు తలూపబోయిన మనిషిని. ఇక వెళ్ళాలనుకునేవారికి ఒక్క సూచన: కొత్తవాడలో గుంట మగ్గం దగ్గర నిలబడి మాట్లాడకండి, నేసేవాళ్ళు మెడ ఎత్తి చూడాల్సి వస్తుంది. చెప్పులు విప్పి గుంట అంచున నేల మీద కూర్చోండి, ముందు వాళ్ళ పేరు అడగండి. సుగుణమ్మ అనే పేరు తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.