అట్ట కింద కోటరు కాగితం

తొంభైల్లో ఒక రెండేళ్ళపాటు నేను రాసిందంతా బస్సులోనే రాశాను. ఇంట్లో ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఒకప్పుడు ఈ మాట నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తుంది.

మాది కంచరపాలెం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి, రైలు పట్టాల పక్క సందులో అద్దెకు దిగాడు. నేను పుట్టిందీ, పెరిగిందీ, పెళ్ళి చేసుకుని కాపురం పెట్టిందీ ఆ సందులోనే. ఉద్యోగం మాత్రం ఊరికి ఆ చివర, స్టీల్ ప్లాంటు స్టోర్స్‌లో గుమస్తాగిరీ. పొద్దున్న ఆరూ నలభైకి కంపెనీ బస్సు మా సందు చివర ఆగేది. వెళ్ళడానికి గంట, రావడానికి గంట.

ఆ బస్సులో ఎవరి సీటు వారిదే. ఎక్కడా రాసి ఉండదు, అయినా ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చుంటే దాయాదుల పొలం గట్టు తగాదా అంత అయ్యేది. ఎడమవైపు, వెనక చక్రం మీది కిటికీ సీటు నాది. అక్కడ కాళ్ళు చాపుకోవడానికి ఉండదని ఎవరూ కూర్చునేవారు కాదు. నాకు అదే కావాలి. మోకాళ్ళు పైకి లేచి ఉంటే వాటి మీద అట్ట సరిగ్గా నిలబడేది. పిల్లలు పరీక్షలకు పట్టుకెళతారే, క్లిప్పు ఉన్న అట్ట, అదీ నా రాతబల్ల. నా వెనక సీట్లో తువ్వాలు పరిచి పేకాడేవాళ్ళు. వాళ్ళ గోల నాకు ఎంత అలవాటైపోయిందంటే, సెలవు రోజున అది లేక కలం కదిలేది కాదు. గాజువాక దగ్గర రోడ్డు బాగోదు కాబట్టి అక్కడ రాసిన అక్షరాలు గెంతులేసేవి. కాగితం చూసి ఏ వాక్యం ఎక్కడ రాశానో చెప్పగలిగేవాణ్ణి.

రోజుకు రెండు పేజీలు వచ్చేవి. రెండేళ్ళకు బీరువాలో ఒక అర నిండింది. అందులో పూర్తయిన కథ ఒక్కటీ లేదు. అయినా నేను రచయితనే అనుకునేవాణ్ణి. ఆ సీటే నన్ను రచయితను చేసిందని గట్టిగా నమ్మేవాణ్ణి.

మా ఆవిడది భీమిలి. పెళ్ళయి వచ్చిన మర్నాటి నుంచీ ఆవిడకు కంచరపాలెం అంటే కుళాయే. వీధి కుళాయికి తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్ళొస్తాయి, ఆరింటికి కట్టేస్తారు. లైన్లో మనిషి ఉండక్కర్లేదు, బిందె ఉంటే చాలు. కానీ నీళ్ళు వచ్చే వేళకు మనిషి లేకపోతే బిందెను పక్కకు నెట్టేస్తారు. అందుకని ఆవిడ నాలుగింటికే వెళ్ళి మా బిందె పక్కన గొంతుక్కూర్చునేది. ఏడు బిందెలు, చంకనెత్తుకుని, ఏడుసార్లు. నేను లేచేసరికి వంటింట్లో బిందెలు వరసగా ఉండేవి. అవి ఎలా వచ్చాయో ఏనాడూ ఆలోచించలేదు. తెల్లారుతుంది, పేపరొస్తుంది, నీళ్ళుంటాయి. నా లెక్క అంతవరకే.

ఒకరోజు స్టోర్స్‌లో నా చేతికి కాగితం ఇచ్చారు. సీనియార్టీ లెక్కన ప్లాంటు టౌన్‌షిప్‌లో నాకు కోటరు, అంటే కంపెనీ ఇల్లు, వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, పెరడు, రోజంతా నీళ్ళు. పదిహేను రోజుల్లో ఒప్పుకుంటూ సంతకం పెట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే వద్దన్నట్టే లెక్క, మళ్ళీ మూడేళ్ళ దాకా పేరు లిస్టులోకి రాదు.

చదవగానే నాకు తట్టింది కుళాయి కాదు, బస్సు. కోటరు నుంచి స్టోర్స్‌కు సైకిల్ మీద పది నిమిషాలు. గంటా గంటా పోతాయి, ఆ సీటు పోతుంది, అట్ట పోతుంది. అప్పుడు రాస్తున్నది నవల అనుకుంటున్నాను. సగంలో ఉంది. అది పూర్తయ్యేవరకూ అని మనసులో అనుకుని, ఆ కాగితం మడిచి రాసిన పేజీల కింద పెట్టి క్లిప్పు వేశాను.

మొదటి వారం హాయిగానే గడిచింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, రోజూ ఆ కాగితం మీదే పేజీలు పెట్టుకుని రాశాను. తొమ్మిదోరోజు మా ఆవిడ నడుం పట్టేసి, గోడ పట్టుకుని లేస్తూ అడిగింది.

"మీ సీనియార్టీ ఇంకా రానేదేటండీ?"

"వస్తుంది. ఇంకొన్నాళ్ళు పడుతుంది" అన్నాను. అమృతాంజనం రాశాను కూడా. అట్ట ఆ గదిలోనే, మేకుకు తగిలించిన సంచిలో ఉంది. నడుం మీద చెయ్యి, సంచి మీద కళ్ళు, అలా రాశాను.

నాతోపాటే మా సందులోనే ఉండే ఒకతనికి కూడా కోటరు వచ్చింది. బస్సులో పేకముక్కలు పంచేది అతనే. సంతకం పెట్టేసి ఊరంతా చెప్పుకున్నాడు. రోజూ సీటు మీదుగా వంగి అడిగేవాడు.

"ఏటి బావా, కాగితం ఇచ్చీసినావా? దినాలు ఐపోతన్నాయి."

రెండు మూడుసార్లు నవ్వి ఊరుకున్నాను. పన్నెండోరోజున నలుగురి ముందు అడిగాడు. పేకముక్కలు ఆపి అందరూ నావైపు చూశారు. రాసుకోవడానికి బస్సుంటుందని కోటరు వదులుకుంటున్నానంటే నన్ను బతికినన్నాళ్ళూ ఆటపట్టిస్తారు. నోటికి అందిన మాట అనేశాను.

"మా ఇంటావిడ వద్దంటోంది బావా. అక్కడ తోచదట."

"ఆడాళ్ళ మాట ఇని కోటరొగ్గేత్తావేటి?" అన్నాడతను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గాజువాక రోడ్డు అప్పుడే వచ్చింది, అక్షరాలు గెంతాయి.

పధ్నాలుగోరోజు భోజనాల వేళ కాగితం తీసుకుని ఆఫీసు దాకా వెళ్ళాను. మెట్ల కింద చాలాసేపు నిలబడ్డాను. జేబులో కలం ఉంది, పెట్టాల్సింది ఒక్క సంతకం. రేపు కూడా ఉందిగా అనుకుని తిరిగొచ్చాను. మర్నాడు వెళ్ళలేదు. సాయంత్రం బస్సులో మూడు పేజీలు రాశాను, ఎప్పుడూ అన్ని రాలేదు. ఆ మూడు పేజీలూ ఇప్పటికీ ఉన్నాయి. ఒక్క మంచి వాక్యం లేదు వాటిలో.

పదహారోరోజు తెల్లవారుజామున నాకు మెలకువగానే ఉంది. మా ఆవిడ మొదటి బిందె తెచ్చి దించింది, రెండోది తెచ్చింది. మూడోదానికి వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది. దొంగకు తేలు కుట్టినట్టు మంచం మీద కదలకుండా పడుకున్నాను.

"నెగండి" అంది. లేచాను.

"మనకి కోటరొచ్చిందంట. నాను ఒద్దన్నానంట."

పేకాటాయన భార్య కుళాయి దగ్గర అందరి ముందూ అడిగిందట: ఇంత నీళ్ళకరువులో కోటరొద్దన్నావంట, నీకేటైనా పిచ్చా అని. లైన్లో ఉన్న ఆడవాళ్ళందరూ ఇటు తిరిగారట.

"నువ్వేమన్నావు?" అని అడిగాను. అడగడానికి నోరెలా వచ్చిందో తెలియదు.

"అవును, ఒద్దన్నాను అన్నాను. మరేటనమంటారు? మా ఆయన అబద్ధమాడినాడు అని సెప్పమంటారా అంతమందిలో?"

సంచిలోంచి అట్ట తీసి, క్లిప్పు విప్పి, కాగితం ఇచ్చాను; బస్సు పోతే రాత పోతుందనుకున్నానని గొణిగాను. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వీధిదీపం వెలుగులో మెల్లగా చదివింది. తారీకు చూసింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

"నిన్నటితో ఐపోనాది" అంది. కాగితం మడుస్తూ, "కోటరు పోతే పోనాది. మీకు రాసుకోడం కావాలంటే నాతో అనొచ్చును. నాను కాదంటానో, ఔనంటానో, నా నోటితో నన్ను అననియ్యాలి కదా" అంది.

ఏడవలేదు. కాగితం నా అట్టకే తగిలించి, మిగిలిన బిందెలు అలాగే వదిలి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు బస్సులో అట్ట ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నేను చేసిన పని నాకు అసహ్యం పుట్టించింది. అయినా, నవల ఏమైపోతుందో అన్న దిగులు కూడా ఒక పక్క ఉంది. ఉన్నమాట చెప్పాలి.

మర్నాడు నాలుగింటికి ఆవిడ లేవలేదు. లేవమని నేను అనలేదు. బిందె తీసుకుని నేనే వెళ్ళాను.

లైన్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే. మొదటిరోజు మా బిందెను రెండుసార్లు వెనక్కి నెట్టారు. చంకన ఎత్తుకోవడం రాక భుజాన పెట్టుకుంటే బనీను తడిసి వణికాను. నాలుగో బిందెకు నడుం దగ్గర ఒక నరం లాగింది. ఆవిడ గోడ పట్టుకుని లేచింది ఈ నరం వల్లేనని అప్పుడు తెలిసింది. ఏడోది దించి, కాసేపు నడుం వాల్చి, స్నానం చేసేసరికి బస్సు హారన్ కొడుతోంది.

వారమైనా మా మధ్య మాటల్లేవు. అన్నం పెట్టేది, క్యారియర్ కట్టేది, అంతే. బస్సులో అట్ట తీసేవాణ్ణి, కాగితం తెల్లగా ఉండేది. రాత పోయిందనే అనుకున్నాను. ఇంత చేసి, ఆ సీటు మిగుల్చుకుని, దానిలో ఊరికే కూర్చున్నాను.

పదోరోజో ఎన్నోరోజో అట్ట కుళాయి దగ్గరకు పట్టుకెళ్ళాను. నీళ్ళు రావడానికి అరగంట ఉంది. వీధిదీపం కింద ఇటుక మీద కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. ఒక ముసలామె మీదకు వంగి చూసింది.

"ఏటి బాబూ, మా పేర్లు రాత్తన్నావా, ఎవులు ముందొచ్చినారో?"

"లేదు పెద్దమ్మా, కథ."

"రాసుకో. నీ బిందెని నాను సూత్తాను" అంది.

రోజుకు నాలుగు వాక్యాలు, మంచిరోజైతే అరపేజీ. బస్సులో రెండు పేజీలు రాసిన చేతికి అది బిచ్చంలా అనిపించేది. కానీ కుళాయికి ఆదివారం లేదు, పండగ లేదు. నీళ్ళు రాని రోజున కూడా వెళ్ళి కూర్చోవాలి, వస్తాయేమోనని. అలా కూర్చునే అలవాటే నాకు అంతకుముందు లేనిది. మనసు బాగోలేదని, పేకాట గోల లేదని, సెలవని మానేసేవాణ్ణి. ఇక్కడ మానితే ఇంట్లో నీళ్ళుండవు. ఎనిమిది నెలలకు ఒక కథ చివరిదాకా వచ్చింది. జీవితంలో నేను పూర్తిచేసిన మొదటి కథ అదే. నవల కాగితాలు బీరువాలోనే ఉన్నాయి, మళ్ళీ తియ్యలేదు.

కథ మా ఆవిడ ముందు పెట్టాను. చదివి, "ముసలామ్మ మాట బాగా పట్టినారు" అంది. మర్నాడు తెల్లవారుజామున మూడో బిందెకు వెళ్తుంటే తానూ ఒకటి చంకనెత్తుకుని వచ్చింది. ఆ తర్వాత నాలుగు నావి, మూడు ఆవిడవి.

మూడేళ్ళు దాటి ఇంకొన్ని నెలలకు, రెండువేల సంవత్సరం దాటాక, కోటరు కాగితం మళ్ళీ వచ్చింది. బస్సు దిగి సంచి కూడా దించకుండా వంటింట్లోకి వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను. తడిచేతులు చీరకు తుడుచుకుని చదివింది. నావైపు చూడకుండా అడిగింది.

"ఈపాలి నాను నిజంగానే ఒద్దంటే?"

"నేనే వద్దన్నానని చెబుతాను అందరికీ."

పొయ్యి మీద పప్పు పొంగితే మూత తీసింది. తర్వాత నా జేబులోంచి కలం తీసి, నేను సంతకం పెట్టాల్సిన చోటు చూపించింది. పెట్టాను. కాగితం నాలుగు మడతలు పెట్టి మళ్ళీ నాకే ఇచ్చింది.

"మీరే ఇయ్యండి ఆఫీసులో" అంది.

మర్నాడు పొద్దున్న బస్సెక్కి నా సీట్లో కూర్చున్నాను. వెనక పేకాట మొదలైంది. గాజువాక రోడ్డు వచ్చింది, పోయింది. ఆ గంటసేపూ అట్ట సంచిలోంచి తీయలేదు. కాగితం ఉన్న చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.