ఇద్దరికీ ఒకే ఇస్తారాకు

ఒకప్పుడు నేనూ దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర నిలబడి బతికినదాన్నే. ఒళ్ళమ్ముకోవడం అంటారు లోకులు. మేము పని అనేవాళ్ళం. నలభై దాటాక మా ఆడవాళ్ళ సంఘంలో చేరి, బస్సు బోర్డు చదివేంత చదువు నేర్చాను. కండోమ్‌లు పంచుతూ, తోటివాళ్ళను హెచ్‌ఐవీ పరీక్షకు తీసుకుపోయేదాన్ని. నేను చెబితే వినేవాళ్ళు. ఒక్కతే వినలేదు.

ఆమె కడుపుతో ఉంది. ఆమెతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు ఆ జబ్బుతోనే పోయింది. తనకూ ఉందని ఆమె తనకు తానే తేల్చేసుకుంది. గ్లాసు వేరు, పళ్ళెం వేరు. పరీక్ష చేయించుకో, ఒకవేళ ఉన్నా మందులతో బిడ్డను కాపాడుకోవచ్చు అని ఎంత చెప్పినా తల వంచుకునేది.

ఆ రోజుల్లో తెలంగాణ కోసం జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినేవాళ్ళు. వంటావార్పు అనేవాళ్ళు దాన్ని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పోయే ఆ రోడ్డు మీదే, ఎల్బీనగర్ చౌరస్తాలో మా సంఘం కూడా ఒక పొయ్యి వెలిగించింది. చీకట్లో మొహం దాచుకుని నిలబడ్డ రోడ్డు మీదే పట్టపగలు కూర్చుని ఉల్లిగడ్డలు కోశాం. ఆమె వచ్చింది కానీ గిన్నెలు ముట్టలేదు. అన్నం పెట్టించుకుని డివైడర్ పక్కన దూరంగా కూర్చుంది.

నేను పోయి ఎదురుగా కూలబడ్డాను.

"ఆకులు అయిపోయినయి. నీదాంట్లనే తింట, జరుగు."

వడ్డిస్తున్నావిడ అక్కడి నుంచే అంది: "గీడ కట్ట ఉన్నది కద పెద్దమ్మా, కండ్లు వోయినయా?"

"నువ్వు నోరు మూసుకొని గిటు పప్పు తే."

ఆమె ఆకు వెనక్కి లాక్కుంది. "వద్దు పెద్దమ్మా, ఎంగిలైంది."

"ఎంగిలితోని రాదని నెత్తి నోరు కొట్టుకుంట చెప్పిన. నీకు నమ్మకం లేదు. నాకున్నది."

ఆమె కలిపిన ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు తక్కువైంది. ఆ మాటే అన్నాను. నవ్వబోయి ఏడ్చింది. తరవాత ఇద్దరం కలిసి ఆకు ఖాళీ చేశాం.

చేయి కడుక్కుంటూ అడిగింది: "రేపు బస్సులుంటయా?"

"లేకుంటే నడుచుకుంట పోదాం."

మర్నాడు దవాఖానకు పోయాం. ఆమెకు ఉందని తేలింది. వెంటనే మందులు మొదలుపెట్టారు. బిడ్డ పుట్టాక పరీక్షలన్నీ అయ్యేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగింది. బిడ్డకు రాలేదు.

ఆ పిల్లకు మాటలొచ్చాక ఒకసారి తల్లీబిడ్డలు సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నాకు కలిశారు. పిల్ల సగం కొరికిన జామకాయ తల్లికి అందించింది. ఆమె నాతో మాట్లాడుతూనే తనొక కొరుకు కొరికి, మళ్ళీ పిల్ల చేతికిచ్చింది.