మూడోనాటి సద్ది

మా పెద్దనాయన పోయాడన్న కబురు మిర్యాలగూడ నుంచి వచ్చిన ఎడ్లబండితోనే వచ్చింది. ఆ బండిలోనే ఆయన కూడా వచ్చాడు, దుప్పటి కప్పుకొని. సూర్యాపేటలో మా నాయన ఉన్న బొందలగడ్డలోనే పాతిపెట్టాం. ఆయన ఉపదేశి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య ఏళ్ల తరబడి కాలినడకన తిరిగి, బాప్తిస్మం కోరినవాళ్లకు ఏది నమ్మాలో చెప్పేవాడు. అందులో ఏది నమ్మకపోయినా ఫరవాలేదో మాత్రం ఆయనకే తేలలేదు. ఎగతాళికి అనడం లేదు. నేను బడిపంతులమ్మను, తేలని లెక్క చూస్తే ఒళ్లు మంట. అయినా ఆయన తికమక అంటే నాకు ఇష్టం.

ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే కళ్లద్దాలు తీసి కండువా కొసతో తుడిచేవాడు. ఎంతసేపు తుడిస్తే అంత పెద్ద అనుమానమన్న మాట. "నడుసుకుంట ఆలోచన చెయ్యకు బిడ్డా, ముల్లు గుచ్చుకుంటది" అనేవాడు. తానేమో కోదాడ బాట పొడుగునా అదే పని చేసి, కుంటుతూ ఇల్లు చేరేవాడు. ఆయన స్నానానికి అమ్మ నీళ్లు కాచి ఉంచేది.

కిందటేడు మా నాయన జ్వరంతో పోయాక ఆ కళ్లద్దాలకు తెరిపి లేకుండా పోయింది. నాయన బాప్తిస్మం తీసుకున్నవాడు. అమ్మ ఇంకా పాఠాలు వింటున్నది. బాప్తిస్మం లేనివాళ్లకు ఆ బొందలగడ్డలో జాగ ఇవ్వరు. అమ్మకు కావలసింది ఒక్కటే, రేపు తాను పోతే నాయన పక్కన అంత చోటు. నాయనను పాతిన మూడోనాడు పొద్దున్నే ఆమె అన్నం వండి, సద్ది కట్టి, ఉతికిన ధోతి చంకన పెట్టుకొని ఒక్కతే అక్కడికి పోయి, పొద్దుగూకేదాకా కూర్చుంది.

చూసినవాళ్లు ఊరుకుంటారా? మా పాత ఆచారంలో మూడోనాడు సమాధి దగ్గర అన్నం పెట్టి, పిట్ట ముట్టేదాకా చూస్తారు. సంఘం పెద్దలకు అది పాపం. కబురు కోదాడలోని ఆ పెద్దలకు చేరింది, రమ్మన్నారు. అమ్మను బండెక్కించుకొని పెద్దనాయనా నేనూ పోయాం.

"పిట్టకు పెట్టిన మనిషికి బాప్తిస్మం ఎలా ఇస్తామండీ ఉపదేశిగారూ?" అన్నాడు కోదాడ పెద్ద.

పెద్దనాయన అమ్మ వైపు తిరిగాడు. "పిట్టకు పెట్టినవా అమ్మా?"

"పిట్టకెందుకు పెడ్త బావా? ఆయనకు తీస్కపోయిన. యేసు మూడోనాడు లేసిండు, నమ్మినోళ్లు గూడ గట్లనే లేస్తరని నువ్వే చెప్తివి గద. లేసినోనికి ఆకలి గాదా?"

ఇక చూడండి గొడవ! పునరుత్థానమే మన మతానికి ప్రాణం, అది నమ్మిందిగా అన్నాడొకాయన. అంత్యదినాన లేస్తారని నమ్మాలి గాని మూడోనాడేమిటి, ఇది తప్పుడు నమ్మకం అన్నాడు ఇంకొకాయన. నీళ్లలో నిండా ముంచాలా, చిలకరిస్తే చాలా, ముందు అది తేల్చండని మూడో ఆయన మొదలుపెట్టాడు. నాకు తల తిరిగిపోయింది.

పెద్దనాయన కళ్లద్దాలు తీశాడు గాని తుడవలేదు. "తప్పు నాది. ఎప్పుడు లేస్తరో చెప్పుడు మర్సిన. కాని జర నాకు చెప్పున్రి, ఇంతమందిమి నమ్మినోళ్లం. మన ఇండ్లల్ల మనుషులు పోయినప్పుడు ఎవరన్న సద్ది కట్టినమా?"

పెద్దలు ఆలోచించి చెబుతామని లేచారు. ఏడాదైనా ఆలోచిస్తూనే ఉన్నారు.

తిరుగుబాటలో బండి పక్కన నడుస్తూ గట్టిగానే అడిగాను. "అమ్మ నమ్మింది తప్పా, ఒప్పా? ఒక్కమాట చెప్పు పెద్దనాయనా."

"నాకు తెల్వదు బిడ్డా. ఆమెకున్నంత నమ్మకం నాకు లేదని భయమైతున్నది" అన్నాడు. ఉపదేశి అనాల్సిన మాటేనా అని అప్పుడు మండిపోయాను. ఇప్పుడు ఆ మాటకే కన్నీళ్లు ఆగడం లేదు. చివరిసారి మిర్యాలగూడ పోయింది కూడా అమ్మ కోసమే, అక్కడి పెద్దను బతిమాలడానికి. ఇక ఆమె తరఫున అడిగేవాళ్లు ఎవరున్నారో నాకు తెలియదు.

నిన్న ఆయనకు మూడోనాడు. తెల్లవారినప్పటి నుంచి అమ్మనే కనిపెట్టి చూశాను. సద్ది కట్టలేదు.

"పోవా అమ్మా?" అన్నాను.

"వద్దు బిడ్డా. తిరిగి తిరిగి అలిసిండు, జర పండుకోనియ్యి" అంది.

హమ్మయ్య అనుకొని బడికి బయలుదేరాను. పొయ్యి మీద గంగాళం నిండా నీళ్లు కాగుతున్నాయి. మా ఇద్దరి స్నానాలూ అప్పటికే అయిపోయాయి.