నా గుప్పిట్లో ఉన్న మాట

ఈ మాటను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మీకే చెబుతున్నాను, మధ్యలో ఆపకండి. ఆపితే మళ్లీ ఏదో కట్టుకథలోకి జారిపోతాను. పెరియకుళం నుంచి బండి నిండా పట్టే ఒకే ఒక్క మామిడిపండును ఎడ్లబండిలో వేసుకొచ్చానని జనాన్ని నమ్మించినవాణ్ణి నేను. ఇది మాత్రం జరిగింది.

కోయంబత్తూరులో మాది తాగుడు మానినవాళ్ల కూటం. పాతవాడు కొత్తవాడికి తోడుండాలి. అక్కడ మాటంతా తమిళం. రంగసామి కొత్తగా వచ్చాడు. అది అతని అసలు పేరు కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే కాబట్టి నన్నే తోడిచ్చారు.

"ఈళ్ల ముందర వేండా తంబీ, వద్దు. కడుపులోది మన తెలుగులో నాకు చెప్పు, చాలు" అన్నాను.

చెప్పాడు. తాగిన మత్తులో చిన్న కూతుర్ని మేట్టుపాళయం బస్టాండులో మరిచి ఇంటికి పోయాడట. పిల్ల దొరికింది. కానీ పిల్లే చెయ్యి విడిపించుకుని పరిగెత్తిందని అతను అబద్ధమాడితే, తల్లి చేతిలో దెబ్బలు తింది.

ఆ మాట గుప్పిట్లో పడ్డాక నేనేం చేశాను? ఊళ్లో ఉన్న భార్యాబిడ్డలకు ఫోన్ చేయాలన్నా నన్ను అడగమన్నాను. పాత స్నేహితులను మాన్పించాను. సాయమనుకునే చేశానా, లేక ఒక మనిషి నా కనుసన్నల్లో లేచి కూర్చోవడానికి సారాయిలాగే రుచి మరిగానా? అప్పుడు తెలియదంటే అదీ కట్టుకథే. తెలుసు.

ఒకరోజు అన్నాడు: "పాపను సూసి శానా నాళ్లాయె అన్నా. ఊరికి పొయ్యొస్తా."

"పోతే మళ్లీ తాగుతావు డా. ఆండిపట్టివాడొకడు నా మాట కాదని పోయి, సారాయంగడి వాకిట్లోనే సచ్చె."

అలాంటివాడెవడూ లేడు. నేనే అల్లాను. రంగసామి బెదరకపోయేసరికి, "బస్టాండు సంగతి నీ పెండ్లానికి తెలిస్తే?" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

అతను అన్నాడు: "తాగుడు ఇడిసిపెట్టినానన్నా. ఇబ్బుడు నిన్ను ఇడవాల."

కూటానికి కుటుంబాలు కూడా వచ్చే ఒక ఆదివారంనాడు భార్యనూ పాపనూ ముందు వరుసలో కూర్చోబెట్టి లేచి నిలబడ్డాడు. బస్టాండు సంగతంతా తమిళంలో, అందరికీ అర్థమయ్యేలా చెప్పేశాడు. మాట ఆగలేదు. చివర్లో పాప వైపు తిరిగి, మన తెలుగులో, "నువ్వు పరిగెత్తలేదు తల్లీ. నాయనే మరిసిపోయె" అన్నాడు.

భార్య అతని మొహం చూడలేదు. పిల్లను ఒళ్లోకి లాక్కుంది. లేచి మాత్రం వెళ్లిపోలేదు.

పులులతో కుస్తీ పట్టిన వీరులను నోటితో పుట్టించినవాణ్ణి, ఇంత ధైర్యం ఏ కథలోనూ అల్లలేకపోయాను. మనిషి ఇలా కూడా విడిపించుకోగలడా? తన సిగ్గునంతా నలుగురి ముందు పోసేసి, నాకు పట్టుకోవడానికి ఏమీ మిగల్చకుండా?

నా గురించి ఒక్క మాట అనలేదు. అందుకే కూటమంతా నా చుట్టూ చేరి, రంగసామికి ఎంత మంచి తోడు దొరికాడని నా చేతులు పట్టుకున్నారు. నేను వంగి దండం పెట్టాను. ఆ తర్వాత కూడా కొత్తవాళ్లను నాకే అప్పగించారు. వద్దనలేదు.

రంగసామిని నడిపించింది నేనని ఈ రోజుకీ అక్కడ చెప్పుకుంటారు. అతన్ని కట్టేసినవాణ్ణి నేను. మీరు ఏమీ అనకండి. ఈ ఒక్క మాట చెప్పగలిగాను, నాకు ఊపిరి ఆడుతోంది.