కానుగ నూనె లారీలో అమ్మ

డీజిల్ వాసన తగిలితే చాలు, అమ్మకు కడుపులో తిప్పేది. బస్సెక్కాలంటే చేతిలో నిమ్మకాయ ఉండాల్సిందే. అలాంటి మనిషిని ఏరికోరి లారీ డ్రైవరుకు కట్టబెట్టారు మా పెద్దవాళ్లు. నాయన ఇంటికొస్తే ముందు స్నానం, ఆ తర్వాతే పలకరింపు. పెళ్లయిన కొత్తలో, తాను తిరిగే దారంతా చూపిస్తానని ఆమెకు మాటిచ్చాడట. ఇన్నేళ్ల కాపురంలో ఆ లారీ మెట్టు మీద ఆమె కాలు పెట్టలేదు. పోయినేడాదికి ఆయనకు చూపు మందగించింది. ఆ ఏడాదితో స్టీరింగ్ వదిలేయాలనుకున్నాడు. ఇచ్చిన మాట అట్లాగే మిగిలిపోతుందని ఆయన దిగులు.

ఆ వేసవిలోనే లారీ ఓనరు కానుగ గింజలతో చేసిన బయోడీజిల్ పోయించడం మొదలుపెట్టాడు. కార్లకు బ్యాటరీ సరిపోతుంది గానీ, తాడిపత్రి బండలు మోస్తూ బెంగళూరు దాకా పోయే బండికి అంత బ్యాటరీ పెడితే ఇక సరుకెక్కడ పెట్టాలని ఆయన వాదన. నాయన నమ్మలేదు. దీపంలో పోసేదానితో లారీ గుట్టెక్కుతుందా అని గొణుగుతూనే వెళ్లాడు. ఎక్కింది.

తిరిగొచ్చిన సాయంత్రం ఆయన స్నానానికి పోకుండా అమ్మ ముందు నిలబడ్డాడు. ఆయన చొక్కా వాసన చూసి కూడా ఆమె పక్కకు జరగలేదు. ఏటా ఎండల్లో కానుగ కాయలేరి మిల్లుకు వేసే మనిషి, ఆ వాసన ఆమె చేతులదే. గిన్నెలు తోముతున్న నాకు ఎందుకో కళ్లు చెమర్చాయి.

"రేపు వస్తావా?" అన్నాడు నాయన. వస్తానంది, నిమ్మకాయతో.

ఆమెకేమన్నా అయితే ఈయన బెంబేలెత్తిపోతాడని నేనూ వెనక సీటెక్కాను. అడ్డమొచ్చిన ప్రతి బండినీ తిట్టే నాయన ఆ రోజు పచ్చి బాలింతను తీసుకెళ్తున్నట్టు నడిపాడు. వెనకవాళ్లు హారన్లతో మమ్మల్ని శపించారు. పెనుకొండ దగ్గర అమ్మ నిమ్మకాయ నా చేతికిచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి కొండ చూసింది.

సోమందేపల్లె దాటాక రోడ్డు పక్క కానుగ చెట్ల కింద లారీ ఆపాడు. అక్కడ పగిలిన బండ ఒకటి పరిచి ఉంది, ఆయనే ఎప్పుడో దింపుకున్నాడట.

"నువ్వు కట్టిచ్చే సద్ది ఈడే తినేది" అని దాని మీద కూర్చున్నాడు.

అమ్మ ఆ బండను చూసింది. ఒక మనిషి కూర్చునేంత ఉంది, అంతే.

"ఇన్నేండ్లూ ఒక్కడివే కూచోని తింటాంటివా?"

నాయన లేచి, ఆమె కోసం లారీలోంచి ఇంకో బండ దించబోయాడు.

"అదేం వద్దు. కూచో, రవ్వంత జరుగు" అంది అమ్మ.

ఆయన జరిగాడు. ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుని, సద్ది గిన్నె మూత తీసి, సంగటి ముద్ద ఆయన చేతిలో పెట్టింది. నన్ను పిలవడం ఇద్దరూ మర్చిపోయారు. నేనూ దిగలేదు.